రానంతవరకు

మూడో లంక, మాటల గది దినచర్య
రాస్తున్నది: భ్రమరాంబ, వయసు డెబ్భై నాలుగు

నీడకు 21 రోజులు

ఆరు గంటలకు హాజరు వేశాను. పగటి మాటలు పదకొండు చెప్పాను. పదకొండూ తీసుకుంది.

నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునే మనిషి కోసం ఈ పుస్తకం రాస్తున్నాను గనక, తెలిసిన సంగతులైనా ఒకసారి రాసి పెడతాను. మూడో లంకలో తలుపు తెరుచుకోవాలన్నా, గొట్టంలో వేడి నడవాలన్నా గుమాస్తాకు చెప్పాలి. గుమాస్తా మనిషి కాదు. ఈ గది గోడలో ఉన్న యంత్రం. మొదటి ఓడలో వచ్చినవాళ్ళు వేళాకోళానికి పెట్టిన పేరు అలా నిలిచిపోయింది. దానికి ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. నేర్పగలిగిన వాళ్ళెవరూ ఓడ ఎక్కలేదు. అందుకని ఊరందరి అవసరాలూ తెలుగులో విని దానికి ఇంగ్లీషులో చెప్పడం నా ఉద్యోగం. అలా చెప్పిన ఒక్కో ఆజ్ఞను మాట అంటాం. ఉదయం ఆరింటికి బొటనవేలు ఆనించి హాజరు వేయాలి. మధ్యాహ్నం పన్నెండుకు హాజరు పట్టీ మూసుకుంటుంది. ఆదివారాలతో సహా ముప్పై ఒక్క ఏళ్ళలో నేను ఒక్క రోజు మానలేదు.

ఈ పూట బాయిలర్ల మేస్త్రి గంగులు మండిపడుతూ వచ్చాడు. నిన్న సాయంత్రం నేను లేనప్పుడు తనే గుమాస్తాతో మాట్లాడబోయాడట.

"ఏటి టీచరమ్మగారూ ఇది? మా ఇళ్ళ వరసలో రెండు రోజుల నుండి నీళ్ళు రావట్లేదని సెప్పాను. అదేమో ఏ రెండు రోజులు అని ఎదురడుగుతాది! గోడకి కూడా పొగరేటండీ?"

"ఏమని చెప్పావో చెప్పు."

"సిన్స్ టూ డేస్ అన్నాను."

"సిన్స్ పక్కన మొదలైన రోజు చెప్పాలి గంగులూ. సిన్స్ మండే. గడిచిన కాలం చెప్పాలంటే ఫర్. ఫర్ టూ డేస్."

"మనకి రెండూ 'నుండి'యే కదండీ. సోమవారం నుండి, రెండు రోజుల నుండి."

"మనకి సరిపోతుంది. దానికి సరిపోదు."

"అయితే దానిదే తక్కువ బాస," అని వెళ్ళిపోయాడు. నీళ్ళు ఎనిమిదింటికల్లా వచ్చాయి.

మావారు జోగారావు కూడా బాయిలర్ల మనిషే. ఈ 'సిన్స్ టూ డేస్' ఆయన నోట ఎన్ని వందల సార్లు దిద్దానో లెక్క లేదు. లెక్క లేని సంగతులు నా జీవితంలో తక్కువ.

ఇంటికి వెళ్ళి మేకపాలు తోడు పెట్టి, వంటింటి గోడ గొట్టం పక్కన పెట్టాను. ఆ గొట్టం ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. నాలుగు గంటల్లో పెరుగు గట్టిగా తోడుకుంటుంది. ఈ వరసలో అందరూ నా పెరుగునే మెచ్చుకుంటారు.

నీడకు 19 రోజులు

మూడో బాయిలర్ పగిలింది. అతకడానికి లేదు.

లంక పెద్దావిడ కనకరత్నం గారు సభ పెట్టారు. ఏటా ఆకాశంలోని పెద్ద గోళం మన సూర్యుడికి అడ్డొచ్చి ముప్పై మూడు రోజులు కదలదు. ఆ నీడలో ఊరు బతకడానికి నాలుగు వందల ఇరవై మూడు సెగలు కావాలి. సెగ అంటే ఒక చిన్న గది వెచ్చగా ఉండటానికి రోజుకు పట్టే వేడి. రెండు బాయిలర్లు ఇచ్చేది నాలుగు వందల పన్నెండు. పదకొండు తక్కువ. లెక్క నేనే వేశాను. మూడుసార్లు వేశాను.

"ఇళ్ళలో తగ్గించలేం, ఆస్పత్రిలో తగ్గించలేం," అన్నారు కనకరత్నం గారు. "నీడ పడేలోపు పదకొండు సెగలు ఎక్కడైనా దొరక్కపోతే నారుగది ఆపేయాలి. నన్ను తిట్టుకోకు చారూ."

చారుమతి నా మనవరాలు. నారుగది ఆ పిల్లది. లేచి వెళ్ళిపోయింది.

నీడకు 18 రోజులు

హాజరు, ఆరు. మాటలు తొమ్మిది.

పని అయ్యాక నారుగదికి వెళ్ళాను. రెండు వందల పన్నెండు పళ్ళేలు. వేలెడు పొడవు నారు, పచ్చగా. ఏడేళ్ళుగా మొలకెత్తని విత్తనాలు ఈ ఏడు మొలకెత్తాయి. డబ్బాలో మిగిలినవి ఇక గుప్పెడు కూడా లేవు. ఇవి చస్తే ఈ నేల మీద వరి లేనట్టే.

"అన్నం ఎలా ఉంటుంది మామ్మా?" అని అడిగింది చారు, పళ్ళేల మధ్య నేల మీద కూర్చుని. దానికి ఇరవై ఆరేళ్ళు. ఎప్పుడూ అన్నం తినలేదు. దానికి తెలిసిందల్లా పిండి ముద్ద.

ఏమని చెప్పను? గిన్నె మూత తీస్తే వచ్చే ఆవిరికి ఒక వాసన ఉండేదని చెప్పాను. మావారు మొదటి ముద్ద నెయ్యితోనూ, చివరి ముద్ద పెరుగుతోనూ తినేవారని, మధ్యలో నేను ఇంగ్లీషు తప్పులు దిద్దితే కంచం చూస్తూ "ఊఁ" అనేవారని చెప్పాను.

"తాతయ్యకి కోపం రాలేదా?"

"రాలేదు. చీటీలు రాయడం మానేశారు."

నిజమే. పెళ్ళయిన కొత్తలో పనికి వెళుతూ ఇంగ్లీషులో చిన్న చీటీలు రాసి పెట్టేవారు. నేను ఎర్ర పెన్సిలుతో దిద్ది తిరిగి ఇచ్చేదాన్ని. నాలుగో నెలకు ఆగిపోయాయి. అప్పట్లో అది నాకు అభివృద్ధి లాగే కనబడింది.

నీడకు 16 రోజులు

దారి ఒకటి కనబడింది. ఏ మాట మీద ఎన్ని సెగలు పోతున్నాయో గుమాస్తా అంకె చెబుతుంది. నాలుగు వందల ఏడో మాట మీద రోజుకు పన్నెండు సెగలు పోతున్నాయి. ఆ అంకె నా పట్టీల్లో ఎక్కడా లేదు. నాకంటే ముందటి మాట. మూడు బాయిలర్లు ఉన్నంతకాలం ఎవరికీ అవసరం పడక ఎవరూ అడగలేదు.

అడిగితే పాత మాటల మూట విప్పడానికి నాలుగు రోజులు పడుతుందంది. పట్టనీ.

ఈలోగా చారును నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. దానికి సహాయకురాలిగా వేలిముద్ర ఉంది గానీ, కాలం చెప్పే మాటలు వచ్చేసరికి తడబడుతుంది.

"ఆరింటికల్లా తలుపు వెయ్యాలి. ఏమంటావు?"

"క్లోజ్ ద డోర్ అంటిల్ సిక్స్."

"అలా అంటే తలుపు ఇప్పుడే మూసి ఆరింటికి తెరుస్తుంది. కల్లా అంటే బై. దాకా అంటే అంటిల్. బై అన్నప్పుడు పని ఆ గడువులోపు ఒక్కసారి జరిగి అయిపోతుంది. అంటిల్ అన్నప్పుడు పని ఆ గడువు దాకా సాగుతూనే ఉంటుంది. తెలుగులో ఈ రెండూ ఎప్పుడైనా కలిపేశావా?"

"లేదు."

"మరి ఇక్కడెందుకు కలుపుతున్నావు?"

"ఇక్కడ నువ్వు చూస్తుంటావు గనక."

జవాబు మర్యాదగా లేదు. తప్పు కూడా కాదు.

తర్వాత 'ఇంకా' దగ్గరకు వచ్చాం. మనకు ఒకటే మాట. ఇంకా ఉంది, ఇంకా రాలేదు. అక్కడ ఉన్నదానికి స్టిల్, రానిదానికి యెట్. చారు బాగా ఆలోచించి, "అంటే వాళ్ళకి ఉండటం వేరు, ఎదురుచూడటం వేరా మామ్మా?" అంది. క్రియను బట్టి చూసుకోమన్నాను.

నీడకు 12 రోజులు

దొరికింది.

గుమాస్తా మాటను ఎవరి గొంతుతో తీసుకుంటే ఆ గొంతుతోనే దాచి ఉంచుతుందని నాకు తెలుసు. తెలిసి కూడా సిద్ధంగా లేను. తొమ్మిదేళ్ళుగా వినని గొంతు ఈ గదిలో పలికింది. గొంతు సవరించుకుని, పరీక్షలో అప్పజెప్పినట్టు, ఒక్కో మాటా విడదీసి:

"కీప్ ద స్కూల్ రూమ్ వార్మ్ అంటిల్ మై వైఫ్ భ్రమరాంబ డజ్ నాట్ కమ్."

చారు నా మొహం చూసి నీళ్ళు తెచ్చింది. తాగాను.

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట రెండో లంకలో పిల్లలకు పాఠం చెప్పడానికి ఆరు నెలలు వెళ్ళాను. అప్పుడు నా బడి గట్టు పైన ఉండేది. చెమ్మకు పుస్తకాలు పాడవుతాయని బెంగపడుతూ వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి బడిని కిందికి మార్చేశారు. నన్ను మాటల గదిలో వేశారు. గట్టు పైకి మళ్ళీ వెళ్ళలేదు. రెండేళ్ళకు రాళ్ళు జారి ఆ దారి కూడా మూసుకుపోయింది.

ఆయన చెప్పదలుచుకున్నది "నా భార్య రానంతవరకు బడిగది వెచ్చగా ఉంచు" అని. తెలుగులో ఆ వాక్యంలో ఏ తప్పూ లేదు. ఇంగ్లీషులో అంటిల్ పక్కన 'నాట్' అక్కర్లేదు. ఆ 'కాదు' అంటిల్ లోపలే ఉంటుంది. మనవాళ్ళు అందరూ చేసే తప్పు. మొదటి ఏడాది పాఠంలోనే చెప్పేదాన్ని. ఆయన నా రాత్రి బడిలో వెనక బల్ల మీద కూర్చుని విన్న పాఠమే.

నీడకు 11 రోజులు

హాజరు, ఆరు. మాటలు పది. తర్వాత గుమాస్తాతో గంటన్నర వాదించాను.

మాటను రద్దు చేయమన్నాను. చెప్పినవాళ్ళే చేయాలంది. చెప్పినాయన లేరన్నాను. అయితే మాటలో చెప్పిన ముగింపు జరగాలంది. ఒకరి మాటను ఒకరు కొట్టేయకూడదని మొదటి ఓడవాళ్ళు పెట్టిన నియమం అది. రెండు కుటుంబాలు పోట్లాడుకుని ఒకరి నీళ్ళు ఒకరు ఆపించుకున్న తర్వాత పెట్టారు.

నేను వచ్చి ముప్పై ఒక్క ఏళ్ళయిందని చెప్పాను. అవును, వస్తూనే ఉన్నారు, అంది.

అప్పటికి గాని అర్థం కాలేదు. ఆయన వాక్యాన్ని అది ఉన్నది ఉన్నట్టు తీసుకుంది. నా భార్య రాని రోజు దాకా గది వెచ్చగా ఉంచు. నేను రెండో లంకలో ఉన్నప్పుడు నా వేలిముద్ర దాని దగ్గర లేదు. ఎరగని మనిషి రాలేదని చెప్పడానికి వీల్లేదు గనక ఆగింది. మాటల గదిలో నా మొదటి హాజరు పడ్డ రోజు నుంచి చూడటం మొదలుపెట్టింది. భ్రమరాంబ ఈ రోజు వచ్చిందా? వచ్చింది. అయితే గది వెచ్చగా ఉండాలి. మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ.

మావారు పోయిన రోజు కూడా ఆరింటికి వచ్చాను. తొమ్మిది మాటలు చెప్పి ఇంటికి వెళ్ళి, జరగవలసింది జరిపించాను. ఊళ్ళో ఏమనుకున్నారో నాకు తెలుసు. ఆ రోజు మానేసి ఉంటే ఆ గది ఆ రోజే చల్లబడేది.

గంగులును పిలిచి గొట్టం కోయగలవా అని అడిగాను.

"వేడి కట్టీసే మూత రాళ్ళ కింద ఉందండి. తవ్వితే నెల్లాళ్ళు. గొట్టం కోసేనా, కారిపోతందనుకుని గుమాస్తా ఇంకో పది సెగలు పంపుతాది. ఆ నీళ్ళు తిరిగొచ్చీది ఎటో తెలుసా టీచరమ్మగారూ? మీ వంటింటి గోడలోనుండే. జోగారావు బాబే వేసేరు ఆ గొట్టం. నాను రెంచీలు అందించేను."

"ఎందుకు అటు వేశారు?"

"అడిగేను. మీ టీచరమ్మ పెరుగు తోడుకోట్లేదని గోల పెడతంది అన్నారు."

నేను గోల పెట్టలేదు. ఒకసారి చెప్పాను.

నీడకు 10 రోజులు

రాళ్ళ మధ్య సందు ఉందని చారు గట్టు ఎక్కింది. నేను కింద నిలబడ్డాను. పక్కకు తిరిగి దూరి, లోపలినుంచి కేకేసింది.

"మామ్మా! ఇక్కడ చెమటలు పోస్తున్నాయి! బల్లలున్నాయి. నీ శాలువా కుర్చీ మీద ఉంది. పుస్తకాలు కరకరలాడుతున్నాయి."

"బోర్డు మీద ఏముంది?"

"బై, కల్లా. అంటిల్, దాకా. నీ చేతిరాత. కింద మూలన ఇంకెవరో రాశారు."

"చదువు."

"టీచరుగారు ఇంకా రాలేదు."

ఆ వెనక బల్ల అల్లరి ఎవరిదో తెలుసు. అది తెలుగులో రాశారు గనక నేను దిద్దడానికి ఏమీ లేదు.

నీడకు 8 రోజులు

మాట మొత్తం చరిత్ర అడిగి విన్నాను. ముందే అడగవలసింది.

చెప్పినవాళ్ళను గుమాస్తా ఏడాదికి ఒకసారి అడుగుతుంది, ఈ మాట ఇప్పటికీ కావాలా అని. మొదటిసారి అడిగేనాటికి నేను వచ్చి ఆరు నెలలయింది. ఆయన సరిదిద్దుకోవచ్చు. వద్దనవచ్చు. రికార్డులో చిన్న నవ్వు ఉంది. తర్వాత ఒక్కటే మాట.

"స్టిల్."

మరుసటి ఏడూ అదే. ఇరవై రెండు ఏళ్ళు, ఇరవై రెండు సార్లు. గొంతు ఏటేటా కొంచెం బొంగురుపోయింది. చివరిదాని ముందు దగ్గు ఉంది.

కర్త లేదు, క్రియ లేదు. ఆ మాటకు నేను సున్నా వేసేదాన్ని. తప్పు వాక్యమని ఆయనకు ఎప్పుడో తెలిసిపోయి ఉండాలి. తెలిసి ఉంచుకున్నారు. ఒక్కసారి నాతో అన్నా బాగుండేది. అంటే నేను మొదట అడిగేది ఆయనకు తెలుసు. ఏదీ, ఆ వాక్యం ఏమని చెప్పారు?

నీడకు 5 రోజులు

చేయవలసింది తేలిపోయి మూడు రోజులయింది. నేను ఒక్క రోజు రాకూడదు. అంతే. పన్నెండింటికి పట్టీ మూసుకునేసరికి నా వేలిముద్ర లేకపోతే ఆయన మాట ముగుస్తుంది, పన్నెండు సెగలు ఊరికి వస్తాయి. పదకొండు నారుకు పోగా ఒకటి మిగులు.

నీడకు ఎనిమిది రోజులున్నప్పుడే మానవచ్చు. మేకల దొడ్డి పని ఉందని వచ్చాను. ఏడున మానవచ్చు. పట్టీలు సర్దాలని వచ్చాను. ఆరున ఏ కారణం లేకుండానే వచ్చాను. ఇది దినచర్య గనక ఉన్నది రాస్తున్నాను.

చారు ఈ పూట అడిగేసింది.

"నీకు దారి తెలుసు కదా మామ్మా?"

"తెలుసు."

"తెలిసి వస్తున్నావు."

"ఊఁ."

"ఖాళీ గది కోసమా? అక్కడెవరూ లేరు మామ్మా, నేను చూశాను. నాలుగు బల్లలు, ఒక శాలువా. ఇక్కడ నా నారు ప్రాణంతో ఉంది." లేచి నిలబడింది. "ఎవరైనా ఒక్కరోజు బడి మానితే గోడ పక్కన నిలబెట్టేదానివట. ఇప్పుడు నిన్ను మానమని బతిమాలాల్సి వస్తోంది!"

అది వెళ్ళిపోయింది. మాటలు ఇంకా ఏడు మిగిలి ఉంటే చెప్పి, తాళం వేసుకుని వచ్చాను.

నీడకు 2 రోజులు

మళ్ళీ వచ్చాను. నిన్నా, మొన్నా కూడా వచ్చాను.

ఇప్పుడు ఒక్క రోజే మిగిలింది. సాయంత్రం కనకరత్నం గారు నారుగది గొట్టం ఆపడానికి చీటీ పంపారు. రేపు మధ్యాహ్నం దాకా ఆగమని అడిగాను. ఎందుకని అడగలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో నేనెప్పుడూ ఏదీ అడగలేదట.

నా వాయిదాల వల్ల జరిగిందేమిటంటే, నేను రాకూడని రోజు నీడ ముందు రోజే అయింది. ఆ రోజు అన్నిటికంటే ముఖ్యమైన మాట చెప్పాలి. నారుగది పైకప్పు రెక్కలు పన్నెండింటికల్లా మూసుకోవాలి, నీడ పోయేదాకా మూసుకునే ఉండాలి. కల్లా ఉన్నచోట దాకా పడితే, రెక్కలు వెంటనే మూసుకుని పన్నెండింటికి సరిగ్గా తెరుచుకుంటాయి. ఆ మధ్యాహ్నం నుంచే దిగే చలి నేరుగా నారు మీద పడుతుంది. గడియలో అయిపోతుంది. తప్పు మాటను దిద్దుకునే వేలు చెప్పినవాళ్ళదే. అంత వ్యవధి ఉండదు.

ఆ మాట చారు చెప్పాలి.

కూర్చోబెట్టి ఇరవై సార్లు చెప్పించాను. పద్నాలుగు సార్లు సరిగ్గా చెప్పింది. ఆరుసార్లు తప్పింది. తప్పిన ఆరుసార్లూ నేను కనుబొమలు ఎగరేశానట.

"నువ్వు లేకపోతే చెప్పగలను మామ్మా," అంది.

అది ఓదార్పో, ఎత్తిపొడుపో తేల్చుకోలేదు.

నీడకు 1 రోజు

మాటల గదిలో హాజరు: లేదు.

ఈ పేజీ వంటింట్లో రాస్తున్నాను.

ఐదు. అలవాటున లేచాను. అలవాటున చీర మార్చుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళాను.

ఆరు. గంట కొట్టారు. కూర్చునే ఉన్నాను. ఇంత వెలుతురులో నా వంటిల్లు నేనెప్పుడూ చూడలేదు. పై అల్మరా వెనక మావారి చేతి మరక ఉంది, గొట్టాలకు పూసే నల్ల మైనం. ముప్పై ఏళ్ళుగా తుడవకుండా ఎలా వదిలేశానో తెలియదు. ఈ రోజు కూడా తుడవలేదు.

తొమ్మిది. గంగులు తలుపు కొట్టాడు. "టీచరమ్మగారూ! ఒంట్లో బాగునేదా? ఊరంతా గాబరాగా ఉన్నారు! మీరు పోయేరేమోనని కొందరు..."

"ఉన్నాను. వెళ్ళి పని చూసుకో."

"అలాగండి," అన్నాడు. గొంతులో ఎంత సంతోషమో. "తిట్టేరు, బాగానే ఉన్నారు," అని వీధిలో ఎవరికో చెప్పడం వినిపించింది.

పది. వెళ్ళి ఒక్కసారి చూసి రావాలనిపించింది, చారు ఏమంటోందో. చెప్పులు కూడా వేసుకున్నాను. విప్పేశాను. గుమ్మం దాటి ఆ గదిలో అడుగుపెడితే నా చేయి ఊరుకోదు.

పదకొండున్నర. చేయి గొట్టం మీద పెట్టాను. గోరువెచ్చగా ఉంది.

ఈ వెచ్చదనం పక్కన ముప్పై ఏళ్ళు పాలు తోడు పెట్టాను, బట్టలు ఆరేసుకున్నాను, నడుం నొప్పికి ఆనుకుని కూర్చున్నాను. ఎక్కడిదని ఒక్కసారి అడగలేదు. అన్నిటికీ పద్దు రాసిన మనిషిని.

పన్నెండు. గంట.

మొదట ఏమీ తెలియలేదు. తర్వాత గోడలో ఎక్కడో టక్కున చిన్న చప్పుడు. పన్నెండుంబావుకు గొట్టం నా చేతికంటే వెచ్చగా లేదు. పన్నెండున్నరకు నా చేయే దానికంటే వెచ్చగా ఉంది. ఇంకాసేపు ఉంచాను.

అప్పటికి రెక్కలు ఎలా ఉన్నాయో నాకు తెలియదు. కిటికీలోంచి కనబడవు. ఒంటిగంటకు చారు పరిగెత్తుకుంటూ వచ్చింది. రొప్పుతోంది. మోకాళ్ళకు మట్టి.

"బై నా, అంటిల్ నా?" అన్నాను.

"రెండూ! బై నూన్, తర్వాత అంటిల్ ద షేడ్ పాసెస్. పాసెస్ మామ్మా, విల్ పాస్ అనలేదు!" గుమ్మంలోనే కూలబడింది. "మూసుకున్నాయి. నారుగదికి వేడి వచ్చింది. పళ్ళేలన్నీ లెక్క చూసుకుని వచ్చాను, రెండు వందల పన్నెండు."

"అంటిల్ తర్వాత విల్ రాదని నేను నీకు చెప్పలేదే."

"బోర్డు మీద ఉంది. గట్టు మీద, నీ చేతిరాతలో. ఆ రోజే చదువుకున్నాను."

నీడలో 2వ రోజు

చీకటి. దీపాలు. నారు నిలబడే ఉంది.

తెల్లవారి కుండ మూత తీసి చూశాను. పాలు పాలలాగే ఉన్నాయి. ఈ వరసలో అందరికీ నా పెరుగు మీద ఉన్న అభిప్రాయం మారుతుంది. మిగిలిన ఒక్క సెగ ఎక్కడ వాడాలని కనకరత్నం గారు అడిగి పంపారు. మిగులుగానే ఉంచమన్నాను.

చారు నాతో పాటు మాటల గదికి బయలుదేరింది. చేతిలో లాంతరు, చంకలో నా పాత శాలువా. రాళ్ళ సందులోంచి మళ్ళీ దూరి తెచ్చిందట. ముప్పై ఒక్క ఏళ్ళు ఎండిన ఉన్ని వాసన. కప్పుకున్నాను.

"పెరుగు తోడుకుందా మామ్మా?"

"ఇంకా లేదు."

"అది యెట్," అంది. కొంత దూరం నడిచాం. దాని చెప్పుల కింద మంచు కరకరమంది. తర్వాత నా మొహం చూడకుండా, లాంతరు చూస్తూ అడిగింది. "తాతయ్య గుర్తొస్తుంటాడా నీకు?"

"ఇంకా," అన్నాను.

చారు ఆగిపోయింది. లాంతరు ఎత్తి పట్టుకుంది. నవ్వుతోంది, కళ్ళు తడిగా ఉన్నాయి.

"క్రియ ఏది మామ్మా?"

"ఆ మాటకు అక్కర్లేదు," అన్నాను.

ఆరయింది. హాజరు వేశాను.